దాడి హెలికాప్టర్ల చరిత్ర: అల్జీరియా కొండలనుండి హిమాలయముల వరకు

2010వ సంవత్సరము మార్చి 29వ తేదీన బెంగళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ విమానరంగమునుండి సన్నని దేహము గల యొక హెలికాప్టరు మొదటిసారి గాలిలోనికి లేచినది. దానియందు ఇద్దరికి మాత్రమే చోటు కలదు; వారును ప్రక్కప్రక్కన గాక ఒకరి వెనుక నొకరు కూర్చుండవలెను. పన్నెండేండ్ల తరువాత, 2022 అక్టోబరు 3న, అది జోధ్‌పూరులో వైమానికదళమున చేరి 'ప్రచండ' అను పేరు పొందినది. కన్నడదేశమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగువారిలో ఈ సంస్థ పేరెరుగనివారు అరుదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో దీనిని స్థాపించిన నాటినుండి బెంగళూరు చరిత్రయు దీని చరిత్రయు పెనవేసికొనియే సాగినవి.

ప్రచండను గూర్చి మన సభలలో జరుగు ప్రసంగములు సాధారణముగా ప్రశంసతో మొదలై ప్రశంసతోనే ముగియుచున్నవి. ఇట్టి యంత్రము మనకేల కావలసివచ్చినది, అంతకు ముందే మన వైమానికదళమున రష్యనులు చేసిన దాడి హెలికాప్టర్లుండగా అవి యేల చాలకపోయినవి అను ప్రశ్నలు వినబడుట తక్కువ. వాటికి సమాధానము 1999 మే నెలలో కార్గిల్ కొండలపై జరిగిన యొక దుర్ఘటనయందున్నది. ఆ దుర్ఘటన చక్కగా బోధపడవలెనన్న, అంతకు ముందరి నలువదియేండ్ల చరిత్రను కొంత తెలిసికొనవలెను. ఈ వ్యాసము అందులకే యుద్దేశింపబడినది.

హెలికాప్టరు అను పదము గ్రీకుభాషలోని రెండు మాటల కూర్పు. 'హెలిక్స్' అనగా మెలిక. 'ప్టెరాన్' అనగా రెక్క. ఈ కూర్పు పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున జరిగినది. తెలుగు బోధించు వృత్తిలో నుండుటచే హెలిక్స్, మెలిక అను మాటల ధ్వనిసామ్యము నన్నాకర్షించినను, అది కాకతాళీయమే యని యొప్పుకొనక తప్పదు. విమానపు రెక్కలు కదలవు. విమానము ముందునకు దూసికొనిపోవుటచేతనే గాలి వాటిని మోయును. హెలికాప్టరునందు రెక్కలే గిరగిర తిరుగును గనుక అది నిలిచినచోటనుండి పైకి లేవగలదు, గాలిలో కదలక నిలువగలదు, చెట్ల చాటున దాగి మరల తల యెత్తగలదు. అయితే ఈ సౌకర్యము ఊరక వచ్చునది కాదు. దేహమందలి ప్రతి కిలోగ్రామును ఆ రెక్కలే మోయవలెను. ఉక్కు కవచము పెంచినచో ఆయుధములు తగ్గింపవలెను. ఆయుధములు పెంచినచో ఇంధనము తగ్గింపవలెను. పైగా ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. సముద్రమట్టమున నున్న గాలి సాంద్రతలో నూటికి అరువది వంతులు మాత్రమే 5,000 మీటర్ల యెత్తున నుండును. రెక్కలకు పట్టు చిక్కదు. ఇంజనుకు ఊపిరి చాలదు. ఈ రెండు సంగతులు, బరువు మరియు ఎత్తు, పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ముందు చెప్పబోవు కథ యంతయు వీటిచుట్టునే తిరుగుచున్నది.

హెలికాప్టరు యుద్ధరంగమునకు వచ్చినది చంపుటకు గాక రక్షించుటకు. 1944 ఏప్రిలులో బర్మా అడవులలో శత్రువుల వెనుక చిక్కుకొనిన గాయపడినవారిని కార్టర్ హార్మన్ అను అమెరికను లెఫ్టినెంటు సికోర్‌స్కీ హెలికాప్టరులో తెచ్చి కాపాడెను. యుద్ధమున హెలికాప్టరు చేసిన తొలి రక్షణకార్యములలో నిదియొకటి. 1950-53 నాటి కొరియా యుద్ధమున బెల్ సంస్థవారి చిన్న హెలికాప్టర్లు రెండు ప్రక్కల డోలీలు కట్టుకొని వేలకొలది క్షతగాత్రులను వైద్యశాలలకు చేర్చినవి.

దానికి తుపాకి కట్టిన ఘనత, దానిని ఘనత అనవచ్చునేని, ప్రధానముగా ఫ్రెంచివారిది. 1954లో మొదలైన అల్జీరియా స్వాతంత్ర్యయుద్ధమున ఫ్రెంచి సైనికులు హెలికాప్టర్లలో కొండలపై దిగుచుండిరి. దిగు క్షణముననే వారు పూర్తిగా నిస్సహాయులు. విమానములు వచ్చి కాల్పులు జరుపవచ్చును గాని అవి మెరుపువలె వచ్చి మాయమగును. సైనికులు దిగునంతసేపు పైననుండి కాచుట వాటివలన కాదు. అందుచే హెలికాప్టరునకే ఆయుధము కట్టవలెనను తలంపు కలిగినది. మొదట డోలీలలో తుపాకులు పట్టిన సైనికులను పరుండబెట్టి చూచిరి. అది వినోదముగా దోచినను ప్రయోజనము కనబడలేదు. పిమ్మట వైమానికదళపు కర్నల్ ఫెలిక్స్ బ్రూనే మున్నగువారి చొరవతో పెద్దదైన సికోర్‌స్కీ హెచ్-34 యొక్క తలుపునందు 20 మిల్లీమీటర్ల జర్మను తుపాకి నమర్చిరి. ఆ తుపాకి రెండవ ప్రపంచయుద్ధమున జర్మను యుద్ధవిమానములు మోసినదే. ఇట్లు సాయుధములైన హెలికాప్టర్లకు 'పిరాట్', అనగా సముద్రపు దొంగ, అని పేరిడిరి. సైనికుల నెక్కించుకొనిన హెలికాప్టర్ల గుంపునకు ఒక పిరాట్ కావలి యుండుట వాడుకయైనది. ఫ్రెంచివారు ఆ యుద్ధమున నెగ్గలేదు. 1962లో అల్జీరియా స్వతంత్రమైనది. వారు కనుగొనిన యుద్ధపద్ధతి మాత్రము అట్లాంటిక్ సముద్రమును దాటినది.

అమెరికాలో దీనికి మరియొక కారణము తోడైనది. అది యుద్ధతంత్రమునకు గాక కచేరీ తగవునకు సంబంధించినది. అక్కడ వైమానికదళము వేరుపడిన తరువాత, సాయుధమైన బరువు విమానములు తమకే చెందవలెనని ఆ దళమువారు పట్టుబట్టిరి. 1948లోను 1952లోను జరిగిన ఒడంబడికలవలన పదాతిసైన్యమునకు చిన్న విమానములు మాత్రమే మిగిలినవి. హెలికాప్టర్ల విషయమున అంత కట్టడి లేదు. ఆ సందునుండియే సైన్యము దారి చేసికొనినది. 1956లో అలబామాలోని ఫోర్ట్ రకర్ శిబిరమున కర్నల్ జే వాండర్‌పూల్ అక్కడక్కడ ఏరి తెచ్చిన మరతుపాకులను, రాకెట్లను హెలికాప్టర్లకు కట్టి ప్రయోగములు ప్రారంభించెను. ఆయన బృందమును తోడి సైనికులు 'వాండర్‌పూల్ వెర్రివాండ్రు' అని పరిహసించిరి. 1962లో జనరల్ హామిల్టన్ హౌజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, సైన్యము హెలికాప్టర్లపైననే కదలి యుద్ధము చేయవచ్చునని నివేదించుటతో వెర్రివాండ్ర మాట ప్రభుత్వపు మాటయైనది.

ఆ మాటకు పరీక్ష వియత్నాములో జరిగినది. 1963 జనవరి 2న ఆప్‌బాక్ గ్రామముకడ చెట్లవరుసలో పొంచియున్న గెరిల్లాలు వరిపొలములలో దిగుచున్న హెలికాప్టర్లపై సాధారణపు మరతుపాకులతో కాల్పులు జరిపిరి; ఒక్క పూటలో ఐదు హెలికాప్టర్లు నష్టమైనవి. కావలి కాయుటకు వచ్చిన సాయుధ హెలికాప్టర్లు మనుష్యులను మోయు 'హ్యూయీ'లే. ప్రక్కల రాకెట్లు, తుపాకులు కట్టుటచే బరువెక్కి, తాము కాపాడవలసిన వాటికంటె నెమ్మదిగా నడచుచుండెను. కావలివాడు వెనుకబడుచుండ పల్లకి ముందుకు పోయినట్లుండెను. అందుచే బెల్ సంస్థవారు కేవలము పోరాటమునకే యొక యంత్రము నిర్మించిరి. దానిలో సైనికులకు చోటు లేదు. దేహపు వెడల్పు సుమారు మూడడుగులే. ముందు తుపాకి కాల్చువాడు, వెనుక మెట్టుమీద నడుపువాడు. 1965 సెప్టెంబరు 7న మొదట ఎగిరి, 1967లో వియత్నాము చేరిన ఈ 'కోబ్రా'యే మొదటినుండి దాడికై నిర్మింపబడి, పెద్ద సంఖ్యలో తయారై యుద్ధమున పాల్గొనిన తొలి హెలికాప్టరు. ఎదురుగా నిలుచు శత్రువునకు దాని సన్నని ముఖము మాత్రమే కనబడును. ఇనుప కవచముకంటె కనబడకుండుటయే మేలైన కవచమను సూత్రము ఇందు మొదటిసారి రూపు దాల్చినది.

ఆ సూత్రమును మరచినచో నేమగునో 1971 ఫిబ్రవరి, మార్చి నెలలలో లావోస్ దేశమున తెలిసినది. లామ్‌సోన్ 719 అను ఆ దండయాత్రలో హెలికాప్టర్లు పట్టపగలు, ముందే తెలిసిన మార్గములలో, విమానవిధ్వంసక తుపాకులు నిండిన కొండలమీదుగా పోవలసివచ్చినది. నూటికి పైగా హెలికాప్టర్లు నాశనమైనవి. ఆరువందలకు పైగా దెబ్బతినినవి. మరుసటి సంవత్సరము మేలో కొంటుం పట్టణముకడ ఇందుకు విరుద్ధమైన దృశ్యము కనబడినది. 'టో' అను తీగెతో నడపబడు క్షిపణులు గల రెండు పాత హ్యూయీలు దూరమున నిలిచి, ట్యాంకుల నొకటొకటిగా పగులగొట్టినవి. తీగె క్షిపణి వెంబడి విడివడుచు పోవును. గురి చూచువాడు ఆ తీగె ద్వారమున దానిని నడిపించును. ఆనాటినుండి దాడి హెలికాప్టరు సైనికులకు కావలివాడుగా మాత్రమే గాక ట్యాంకులను వేటాడు వేటగాడుగా మారినది.

పేర్లను గూర్చి యొక చిన్న మాట. అమెరికను సైన్యము తన హెలికాప్టర్లకు ఇరొక్వాయ్, కయోవా, అపాచీ యని ఆ ఖండపు ఆదిమజాతుల పేర్లు పెట్టినది. ఏ జాతులతో ఆ సైన్యము పందొమ్మిదవ శతాబ్దమున పోరాడి భూములను లాగుకొనినదో, ఆ జాతుల పేర్లలో కొన్ని ఇట్లు యుద్ధయంత్రములపై నిలిచినవి. చరిత్రకారులు దీనిని గౌరవమందురో, మరేమందురో వారికే విడిచెదను.

మన ప్రాంతమున సాయుధ హెలికాప్టరు మొదటి దెబ్బ కొట్టినది 1971లో, వంగదేశ విమోచనయుద్ధమున. ఈ సంగతి మనలో పెక్కుమందికి తెలియదు గనుక కొంచెము విపులముగా చెప్పెదను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28న నాగాభూమిలోని దీమాపూరులో బంగ్లాదేశ్ వైమానికదళము పుట్టినది. భారతదేశమిచ్చిన మూడే యంత్రములు దాని యాస్తి: ఒక డకోటా, ఒక ఆటర్ విమానము, ఒక అలూయెట్-3 హెలికాప్టరు. ఈ అలూయెట్ ఫ్రెంచివారి రూపకల్పన. మనదేశమున దానినే బెంగళూరులో తయారుచేసి, రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరిట 'చేతక్' అని పిలిచిరి. అది మనుష్యులను మోయుటకు చేసిన తేలికపాటి యంత్రము. దానికి రాకెట్ల గొట్టములును మరతుపాకియు కట్టి, క్రిందినుండి తగులు గుండ్లనుండి కాపాడుటకు నేలయందు అంగుళము మందము గల ఉక్కురేకు నతికిరి. 'కిలో ఫ్లైట్' అని పిలువబడిన ఈ చిన్న దళమువారు డిసెంబరు 3వ తేదీ రాత్రి త్రిపుర సరిహద్దునుండి బయలుదేరి, చీకటిలో చెట్లతలలను తాకునంత క్రిందుగా పోయి, నారాయణ్‌గంజ్ నూనె నిల్వలపై రాకెట్లు ప్రయోగించి మంటలు రేపిరి. నడిపినవారిలో సుల్తాన్ మహ్మూద్ ముఖ్యుడు. తరువాతి కాలమున ఆయన బంగ్లాదేశ్ వైమానికదళాధిపతియయ్యెను. వియత్నాములో వందలకొలది హెలికాప్టర్లతో నేర్చుకొనిన పాఠమును వీరు ఒక్క హెలికాప్టరుతో ఆచరించిరనవచ్చును: రాత్రి పోవుట, క్రిందుగా పోవుట, కొట్టి మరలి వచ్చుట. అదే యుద్ధమున జనరల్ సగత్ సింగ్ సేనలను మి-4 హెలికాప్టర్లు మేఘనా నదిని దాటించుట సుప్రసిద్ధము.

సోవియట్ యూనియను ఆలోచన వేరుగా సాగినది. మిఖాయిల్ మిల్ అను రూపకర్త, సైనికులను మోయుటయు పోరాడుటయు ఒకే యంత్రము చేయవలెనని తలచెను. 1969 సెప్టెంబరులో మొదట ఎగిరిన మి-24 అట్టి ఎగిరెడు శకటము. ఎనిమిదిమంది సైనికులకు గది, పొట్టి రెక్కల క్రింద రాకెట్లు, ముక్కున తుపాకి, ముఖ్యభాగములకు కవచము. అన్నియు కలిసి 12 టన్నులకు చేరువ. 1978లో దీని మార్పురూపము గంటకు 368 కిలోమీటర్ల వేగముతో ప్రపంచరికార్డు నెలకొల్పినది. వేగముగా పోవునపుడు ఆ పొట్టి రెక్కలు కూడ కొంత బరువును మోయును. గాలిలో నిలువవలెనన్నచో మాత్రము ఆ సాయము లేదు. అందుచే మి-24 గ్రద్దవలె దూసికొనివచ్చి కొట్టునదే గాని, చాటున నిలిచి గురి చూచునది కాదు.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తానములో ప్రవేశించిన తరువాత కొండదారులలో దీనికి ఎదురు లేకపోయెను. పెద్ద తుపాకులు లేని ముజాహిదీనులు దాని కవచమును ఛేదింపలేకపోయిరి. అయినను అచ్చటి గాలియే దానికి పగయైనది. కాబూలు నగరమే సుమారు 1,800 మీటర్ల యెత్తున నున్నది; వేసవిలో ఆ యెండకు గాలి మరింత పలుచనగును. నిండు బరువుతో నిలిచినచోటనుండి లేవలేక, విమానమువలె నేలపై పరుగెత్తి లేచుట నడుపువారికి అలవాటైనది. 1986 సెప్టెంబరులో జలాలాబాదు విమానాశ్రయముకడ మొదటిసారిగా భుజముపైనుండి ప్రయోగించు 'స్టింగర్' క్షిపణి అక్కడి యాకసమున కనబడినది. అమెరికనులు సమకూర్చిన ఈ క్షిపణి ఇంజను వేడిని వెదకికొనుచు పోవును. ఒక్క మనిషి మోయగలడు. దానివలన యుద్ధము ముగిసినదని చెప్పువారున్నారు గాని అది అతిశయోక్తి. సోవియట్ నాయకత్వము విరమించుకొనవలెనను నిర్ణయమునకు అప్పటికే చేరువైయుండెను. మారినది హెలికాప్టరు నడచు తీరు. ఇంజను పొగను చల్లార్చు గొట్టములు, క్షిపణిని మోసగించు 'ఫ్లేర్లు' అను మండు గుళికలు తప్పనిసరియైనవి. ఫ్లేరు అనునది చిన్న వస్తువు. దాని సంగతి మరల కార్గిల్‌లో వచ్చును.

అమెరికను అపాచీ 1975లో మొదట ఎగిరి, 1984లో సైన్యమునకు చేరినది. దాని తుపాకి నడుపువాని శిరస్త్రాణముతో ముడివడియుండును. అతడు తల త్రిప్పినవైపునకే తుపాకియు తిరుగును. 1991 జనవరి 17న, తెల్లవారుటకు ముందు 2 గంటల 38 నిమిషములకు, ఎనిమిది అపాచీలు ఇరాకు సరిహద్దున నున్న రెండు రాడారు కేంద్రములను లేజరు చూపిన దారిన పోవు క్షిపణులతో ధ్వంసము చేసినవి. ఎడారిలో దారి తప్పకుండ వైమానికదళపు పెద్ద హెలికాప్టర్లు వాటికి ముందు నడచినవి. ఆ తెరచిన దారినే విమానములు బాగ్దాదుపైకి పోయినవి. గల్ఫు యుద్ధపు తొలిదెబ్బ ఇట్లు హెలికాప్టరుదే యైనది. ఆ విజయమును చూచి దాడి హెలికాప్టరు అజేయమని నమ్మినవారు పెక్కుమంది. పన్నెండేండ్లకు, 2003 మార్చి 23-24 తేదీల రాత్రి, కర్బలా సమీపమున ముప్పదియొక్క అపాచీలు రిపబ్లికన్ గార్డు దళముపై దాడికి వెడలినవి. ఇళ్లపైనుండి, తోటలలోనుండి, వీధులలోనుండి తుపాకులు ఒక్కమారుగా ప్రేలినవి. ఒకటి కూలి, దానిలోని ఇద్దరును చెరపట్టబడిరి. మిగిలినవానిలో దెబ్బ తగలనివి అరుదు. అవి యన్నియు తిరిగి రాగలుగుట ఆ యంత్రపు దిట్టతనమును చూపుచున్నది, నిజమే. పంపబడిన పని నెరవేరలేదను మాటయు నిజమే. యంత్రము పన్నెండేండ్లలో బలహీనపడలేదు. ఎడారిలో దానిని చూచువారు లేకుండిరి. కర్బలాలో ఊరంతయు చూచుచుండెను.

ఇక మనదేశపు సంగతి. 1984లో మన వైమానికదళపు 125వ దళమున మి-25 హెలికాప్టర్లు చేరినవి. ఇవి మి-24 యొక్క ఎగుమతి రూపములు. 1987 మొదలు శ్రీలంకలో శాంతిపరిరక్షణ దళమునకు తోడుగా ఇవి యుద్ధము చేసినవి. సముద్రతీరపు బల్లపరుపు నేలపై వాటికి గాలి చాలినంత యుండెను. తరువాత మి-35లును వచ్చినవి. బరువుననుసరించియు రూపకల్పననుసరించియు ఇవి మైదానపు యంత్రములు.

1999 మేలో కార్గిల్ శిఖరములపై చొరబాటుదారులు బైఠాయించియుండగా, వారిపై దాడికి ఆ మైదానపు యంత్రములు పనికి రాలేదు. టోలోలింగ్ సుమారు 4,600 మీటర్ల యెత్తు. అంత యెత్తున ఆయుధములతో తిరుగగల దాడి హెలికాప్టరు ఆనాడు మన యొద్ద లేదు. ఉన్నవి మి-17లు: సైనికులను, సామగ్రిని మోయు పెద్ద హెలికాప్టర్లు. ఇంజను బలము చాలియుండుటచే అవి అక్కడికి చేరగలవు. కాని విశాలమైన వాటి దేహము దూరమునకే కనబడును. వాటికే రాకెట్లు కట్టి పంపిరి. 1956లో అల్జీరియాలో ఫ్రెంచివారు చేసినది ఇదియే: బండికి తుపాకి కట్టుట. అప్పటి గెరిల్లాల చేతిలో స్టింగర్ లేదు.

వైమానికదళపు చర్య మే 26న ప్రారంభమైనది. 27న రెండు యుద్ధవిమానములు నష్టమైనవి. 28న టోలోలింగ్‌పై దాడికి పోయిన మి-17లలో నొకదానిని స్టింగర్ క్షిపణి తాకినది. ఆ వరుసలోని తక్కిన హెలికాప్టర్లకు ఫ్లేర్లు వదలు సాధనముండెను, దీనికి లేకుండెను. స్క్వాడ్రన్ లీడరు రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంటు ఎస్. ముహిలన్, సార్జెంటు పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంటు ఆర్.కె. సాహు అను నలుగురును మరణించిరి. వారికి మరణానంతరము వాయుసేనా పతకములు లభించినవి. ఆ దినము తరువాత సాయుధ హెలికాప్టర్లను దాడినుండి ఉపసంహరించి, క్షిపణులకు అందని యెత్తునుండి విమానములతో యుద్ధము సాగించిరి. మి-17లు గాయపడినవారిని తెచ్చుట, సామగ్రి చేర్చుట అను తమ స్వధర్మమునకు మరలినవి.

ఈ నలుగురి పరాక్రమమును గూర్చి ఎన్నో వ్యాసములు వెలువడినవి, వెలువడవలసినవే. అయితే పరాక్రమ ప్రశంస యొక్కొక్కపుడు ప్రశ్నను కప్పివేయును. అఫ్ఘనిస్తానములో 1986 నాటికే తెలిసిన పాఠము 1999 నాటికి మన హెలికాప్టర్లన్నిటికిని యేల చేరలేదు? సియాచిన్ హిమానీనదముపై 1984నుండి మన సైన్యము నిలిచియుండగా, ఆ యెత్తునకు తగిన పోరాటయంత్రము కావలెనను తలంపు పదునైదేండ్లు యేల ఆగినది? ధనము చాలకుండుట, కొనుగోళ్ల జాప్యము మున్నగు కారణములు చెప్పబడుచున్నవి. కారణములు నిజమే కావచ్చును. అవి సమాధానములని నేను తలంపను.

కార్గిల్ తరువాత బెంగళూరులో పని కదలినది. మొదటినుండి క్రొత్తగా నిర్మింపక, హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు తమ 'ధ్రువ' హెలికాప్టరును ఆధారముగా గైకొనిరి. జర్మను సంస్థయైన ఎం.బి.బి. సలహాతో రూపొందిన ధ్రువ 1992 ఆగస్టులో మొదట ఎగిరినది. దాని తిరుగు రెక్కలు, ఆ రెక్కలకు బలమందించు యంత్రభాగములు, ఫ్రెంచి సంస్థ టర్బోమెకాతో కలిసి చేసిన 'శక్తి' ఇంజన్లు రెండు, ఇవి యట్లే నిలిపి, దేహమును మాత్రము చెక్కి సన్నము చేసిరి. బెల్ సంస్థవారు హ్యూయీనుండి కోబ్రాను చేసినది ఈ విధముననే. 2006లో అనుమతి లభించినది. 2010లో తొలి నమూనా ఎగిరినది. మొత్తము బరువు 5.8 టన్నులు, అనగా మి-35లో సుమారు సగము. ముక్కున శిరస్త్రాణముతో త్రిప్పబడు 20 మిల్లీమీటర్ల తుపాకి, ప్రక్కల 70 మిల్లీమీటర్ల రాకెట్లు, ఆకసమున శత్రువును కొట్టు మిస్ట్రాల్ క్షిపణులు దీని యాయుధములు. 2015లో ఇది సియాచిన్‌పై 4,700 మీటర్ల యెత్తున దిగినది. అట్టిచోట దాడి హెలికాప్టరు దిగుట అదియే మొదలు. 2020లో లడఖ్ సరిహద్దున చైనాతో ఉద్రిక్తత పెరిగినపుడు, ఇంకను సేనలో చేరకముందే, రెండు హెలికాప్టర్లను లేహ్‌కు పంపిరి. సేనలో చేరుటకు మరి రెండేండ్లు పట్టెను. టోలోలింగ్‌నుండి జోధ్‌పూరు వేడుకవరకు లెక్కించిన ఇరువదిమూడేండ్లు.

మా విద్యార్థులలో నొకడు 'ప్రచండ' తెలుగుమాటయా, కన్నడమాటయా అని యడిగెను. రెంటికిని సంస్కృతమునుండి వచ్చిన సొత్తని చెప్పితిని. యంత్రముకూడ నట్టిదే: రెక్కల విద్యలో జర్మను పాలు, ఇంజనులో ఫ్రెంచి పాలు, కూర్పు బెంగళూరిది. దీనిని పూర్తిగా స్వదేశీయమని చాటనవసరము లేదు, పరాయిదని తీసివేయనవసరము లేదు. తెలుగునాటి పాలును కొంత కలదు. ట్యాంకులను కొట్టుటకై హెలికాప్టరునుండి ప్రయోగించు 'హెలీనా' క్షిపణి హైదరాబాదులోని రక్షణ పరిశోధనాలయమున పుట్టిన 'నాగ్' క్షిపణి సంతతిలోనిది; 2022 ఏప్రిలులో దానిని ధ్రువ హెలికాప్టరునుండి, ఎత్తైన ప్రదేశమునందును, ప్రయోగించి పరీక్షించిరి. ఇక అమెరికను అపాచీ దేహములు హైదరాబాదుకడ ఆదిభట్లలో తయారగుచున్నవి. టాటా, బోయింగు సంస్థలు కలిసి స్థాపించిన ఆ కర్మాగారము 2018లో ప్రారంభమై, ఆ సంవత్సరమే తొలి దేహమును అమెరికాకు పంపినది. మన వైమానికదళమున ఇరువదిరెండు అపాచీలు 2019-20లలో చేరినవి. సైన్యమునకు వేరుగా ఆరింటికి ఒప్పందము కాగా, వానిలో మొదటి మూడు 2025 జులైలో వచ్చినవి.

ఇంతలో ప్రపంచమున మరల క్రొత్త ప్రశ్న పుట్టినది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తినపుడు, రష్యను కా-52 హెలికాప్టర్లు భుజముపైనుండి ప్రయోగించు క్షిపణులకు కూలుట లోకమంతయు చూచినది. దాడి హెలికాప్టరు కాలము తీరినదని వెంటనే వ్రాసినవారున్నారు. జపాను ప్రభుత్వము 2022 డిసెంబరులో తన దాడి హెలికాప్టర్లను తొలగించి మానవరహిత విమానములను నిలుపుటకు నిశ్చయించినది. 2024 ఫిబ్రవరిలో అమెరికను సైన్యము క్రొత్త గూఢచారి దాడి హెలికాప్టరు ప్రణాళికను రద్దు చేసినది. కాని 2023 వేసవిలో అదే కా-52లు తమ సేనల వెనుక, క్రిందుగా నిలిచి, దూరమునుండి క్షిపణులు ప్రయోగించి ఉక్రెయిను కవచవాహనములను ముందుకు కదలనీయలేదు. కొంటుం మరల కనబడినట్లైనది. మరణశాసనము వ్రాయుటకు తొందరపడినవారు ఆ సంగతిని ప్రస్తావించుట తక్కువ. ప్రచండ మంచుకొండలలో నిలువగలదని పరీక్షలలో తేలినది. కొండకు కొండ చాటుగా దాగి పోరాడగలదా యనునది నడుపువారి శిక్షణయందును, పంపువారి వివేకమునందును ఉన్నది. అది ఇంకను ఏ యుద్ధమునను పరీక్షింపబడలేదు.

2025 మార్చి 28న భారతప్రభుత్వము మరి 156 ప్రచండలకు 62,700 కోట్ల రూపాయల ఒప్పందము చేసినది. అందు 66 వైమానికదళమునకు, 90 సైన్యమునకు. వీటిని బెంగళూరులోను, 2023 ఫిబ్రవరి 6న ప్రారంభమైన తుమకూరు కర్మాగారమునందును నిర్మింతురు. గుబ్బి తాలూకాలో 615 ఎకరములలో నున్న ఆ కర్మాగారము, ఇంటింట తెలుగు వినవచ్చు పావగడ తాలూకా గల జిల్లాలోనిదే.